మౌలాలి మాగబెట్టిన ముప్పై ఆరు సీసాలు

జమ్మలమడుగులో తాగేవాళ్ళున్నారు, తాగనివాళ్ళున్నారు. తాగకుండానే ఇరవై రెండేళ్ళు మందుతో కాపురం చేసినవాడు మాత్రం, నాకు తెలిసినంతలో, షేక్ మౌలాలి ఒక్కడే. ఆ కాపురం దుబాయిలో సాగింది కాబట్టి ఊరికి తెలియలేదు. తెలిశాక ఊరు తీర్పు చెప్పింది. తీర్పు ముందు చెప్పి విచారణ తర్వాత జరపడం మా పక్క ఆచారం. విచారణ ఇంకా మొదలు కాలేదు గనక, ఉన్న సాక్ష్యం ఇక్కడ దాఖలు చేస్తున్నాను.

మా పక్కనుంచి గల్ఫ్‌కు పోయేవాళ్ళు ఎక్కువమంది కువైట్‌కే పోతారు. అక్కడ మందు నిషేధం. అందువల్ల గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన మనిషిని వీధి సగం హాజీ కింద జమ కడుతుంది. మౌలాలికి దొరికిన వీసా దుబాయిది. దుబాయిలోనూ ఒక పెద్ద హోటలుది, ఆ హోటల్లోనూ నేలమాళిగది. అక్కడ ఆరువేల వైన్ సీసాలు పడుకుని ఉండేవి. వచ్చినవాటిని దించుకోవడం, పడుకోబెట్టడం, గది చల్లదనం చూడడం, ఏది ఎప్పటికి మాగుతుందో పుస్తకంలో రాయడం, పైనుంచి కబురొస్తే జాగ్రత్తగా లేపి పంపడం ఆయన ఉద్యోగం.

"చల్లటి గదుల్లో పని" అని భార్య గుల్జార్‌బీ వీధిలో చెప్పింది. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. వీధి దాన్ని ఏసీ మెకానిక్ అని అర్థం చేసుకుంది. గుల్జార్‌బీ దిద్దలేదు. ఫలితంగా, మౌలాలి తిరిగొచ్చిన మూడోరోజే ఎదురింటివాళ్ళు తమ ఏసీ ఊడదీసి ఆయన ముందు పెట్టారు. ధర్మసంకటం పురాణాల్లోనే ఉంటుందనుకునేవాళ్ళు ఆ దృశ్యం చూసి ఉండాల్సింది. ఆయన "రేపు చూస్తా" అని, ఆ మధ్యాహ్నమే ప్రొద్దుటూరు బస్సెక్కి, తెలిసిన మెకానిక్ దగ్గర నెలరోజులు కూర్చుని ఏసీ బాగుచెయ్యడం నేర్చుకున్నాడు. భార్య చెప్పిన మాటను నిజం చెయ్యడానికి నలభై ఎనిమిదేళ్ళ వయసులో కొత్త వృత్తి నేర్చిన మగవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు. అదే ఇప్పటికీ ఆయనకు కూడు పెడుతోంది. మసీదు కమిటీలో కూడా వేసుకున్నారు. మసీదుకు నాలుగు ఏసీలున్నాయి.

మందు విషయంలో మౌలాలి తనకు తానే ఒక ఫత్వా ఇచ్చుకున్నాడు: ముట్టుకోవచ్చు, వాసన చూడవచ్చు, మింగకూడదు. పని బట్టలు వేరు, నమాజు బట్టలు వేరు. ఇరవై రెండేళ్ళలో ఒక్క చుక్క నాలుక మీద పడలేదు. ఆయనపైన ఉన్న గోవా పెద్దాయన మాత్రం తాగి తాగి నోటి రుచి పోగొట్టుకుని, చివరి ఏళ్ళలో మౌలాలి ముక్కుమీదే ఉద్యోగం వెళ్ళదీశాడు.

కానీ ఒక ముల్లు మిగిలిపోయింది. మౌలాలి చేతులమీదుగా మాగిన సీసాలన్నీ పై అంతస్తుల్లో ఎవరి బల్లల మీదో తెరుచుకున్నాయి. తాగినవాడి ముఖం ఆయన ఒక్కసారీ చూడలేదు. బాగుందని ఒకడు చెప్పలేదు, బాగాలేదని ఒకడు తిట్టలేదు. తనకు వచ్చింది విద్యా, లేక ఇన్నేళ్ళూ గోవా పెద్దాయన పలుకులు చిలకలాగా అప్పజెప్పడమేనా? తను ఏరిన సీసాను తనే మాగబెట్టి, తన ఎదుట ఒక మనిషి తాగి ఒక్క మాట చెబితే తేలిపోతుంది. జమ్మలమడుగులో ఏసీలు కడుక్కుంటూ అలాంటి కోరిక పెట్టుకోవడం, మే నెలలో పెన్నకు వరద రావాలని కోరుకోవడమే.

వరద వచ్చింది. దాని పేరు ప్రవీణ్‌రెడ్డి.

పులివెందుల పక్క పల్లెలో ప్రవీణ్‌కు ముప్పై ఎకరాల చీనీతోట ఉంది. బత్తాయిని మేము చీనీ అంటాం. డ్రిప్ పైపుల కంపెనీ ఒకటి రైతులను నాసిక్ యాత్రకు తీసుకుపోయింది. మిగతా రైతులు డ్రిప్ చూసొచ్చారు. ప్రవీణ్ ఒక ద్రాక్షతోట ఆసామి ఇంటి నేలమాళిగ చూసొచ్చాడు. సీసాలు దుమ్ము పట్టి ఉన్నాయట, ఆసామి ఒక్కొక్కదాన్ని తీసి అది పుట్టిన సంవత్సరం చెప్పాడట, చుట్టూ నిలబడినవాళ్ళు తలలూపారట. తన చుట్టూ కూడా నలుగురు నిలబడి తలలూపాలనే జబ్బు ఆనాడే ప్రవీణ్‌కు అంటుకుంది. ఆయన కారు నడిపే హుమాయున్ ఒకప్పుడు అదే దుబాయి హోటల్లో బట్టలుతికినవాడు. మౌలాలి రహస్యం అలా బయటపడింది. రహస్యాలు ఎక్కువగా చాకిరేవులోనే బయటపడతాయి.

మొదటి సమావేశం ప్రొద్దుటూరులో, బంగారు అంగడి బయట, కారులో జరిగింది. లోపల ప్రవీణ్ భార్య ప్రసూన ఒక జత కమ్మలు ఏరుతోంది. కాబట్టి తొందరేమీ లేదు.

"మామా, మా ఇంట్లో పాతర ఉండాది" అన్నాడు ప్రవీణ్. పాతరంటే జొన్నలు పోసుకోవడానికి ఇంటి నడుమ తవ్విన నేలకొట్టు. మనిషిన్నర లోతు, చుట్టూ కడప బండలు. "జొన్నకూడు తినేటోళ్ళు లేరు, అది ఉత్తగానే ఉండాది. దాంట్లో ఎర్ర వైన్ మాగబెడతా. శానా రేటువి వద్దు. తక్కువలో కొని, పదేళ్ళకు ఎక్కువదాని మాదిరి కావాల."

"పదేళ్ళు ఆగగలవా అప్పా?"

"చీనీచెట్టు కాపుకు అయిదేళ్ళు ఆగినోణ్ణి మామా. నాకు ఆగేది నేర్పతాండావా?"

మౌలాలి కూలి మాట ఎత్తలేదు. "తెరిచే పొద్దు నన్ను పిలవాల. నువ్వు తాగి, ఎట్లుండాదో నా ముఖం చూసి చెప్పాల. అంతే."

"ఇంతేనా!" అని ప్రవీణ్ నవ్వాడు. లోపల ప్రసూన ఇంకా రెండో జత చూస్తోంది.

పాతరకు అధికారి ప్రవీణ్ తల్లి పార్వతమ్మ. పాతర శాస్త్రంలో ముఖ్యసూత్రం ఒకటే: మూత తీసి ఒక పూట గాలికి వదలాలి, తర్వాత తాడుకు లాంతరు కట్టి దించాలి, దీపం ఆరితే మనిషి దిగకూడదు. మూసిన పాతరలో చెడుగాలి ఉంటుంది. పార్వతమ్మ ఈ సూత్రాన్ని కోర్టు అమీనాలాగా అమలు చేయించింది. దీపం ఆరలేదు. మౌలాలి థర్మామీటరు పట్టుకుని దిగాడు. బయట మే నెల, నలభై నాలుగు డిగ్రీలు. లోపల ఇరవై ఏడు. దుబాయి నేలమాళిగలో పదమూడు. పైకొచ్చి అరుగుమీద కూర్చుని ఆ అంకె చీటీమీద రాసుకున్నాడు. మళ్ళీ సంక్రాంతికి ముందు చలిలో వచ్చి దిగాడు. ఇరవై అయిదు.

"వేడి ఎక్కువే. కానీ ఊగట్లేదు" అన్నాడు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. "ఎక్కీ దిగీ ఊగితే చస్తాది. ఊగకుంటే తొందరగా మాగుతాది, అంతే. పదేళ్ళది ఆరేళ్ళకే వస్తాది. అయితే ఎముక గట్టిదాన్ని ఏరుకోవాల."

ఈ మాట గోవా పెద్దాయన చెప్పింది కాదు. ఏ పుస్తకంలోదీ కాదు. మౌలాలి సొంత పందెం.

మన ఊళ్ళ వైన్‌షాపుల్లో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి గనక బెంగుళూరు పోవలసి వచ్చింది. కాగితాల సంగతి ప్రవీణ్ చూసుకున్నాడు. మా పక్క బోరులో నీళ్ళు పుట్టించడం కష్టంగానీ కాగితం పుట్టించడం కాదు. అంగట్లో ప్రవీణ్ చెయ్యి తిన్నగా బంగారు అక్షరాల సీసా మీదికి పోయింది.

"సీసా బరువుకు దుడ్లియ్యాకు అప్పా. పేరున్నోళ్ళ చిన్న సరుకు వద్దు, పేరు లేనోళ్ళ పెద్ద సరుకు తీసుకుందాం" అన్నాడు మౌలాలి. తియ్యగా ఉంటుందని వెనక రాసి ఉన్నవీ, ఆఫరు బోర్డు కింద నిలబడ్డవీ ముట్టనివ్వలేదు. మరమూతలవి పక్కకు నెట్టి, బెరడు బిరడాలు ఉన్నవే తీశాడు. తొమ్మిది రకాలు, రకానికి ఒకటి. తెచ్చి, తోటలో మోటారు కొట్టం ముందు పట్టపగలు పరీక్ష పెట్టాడు. పరీక్షలో ముక్కు మౌలాలిది, నోరు ప్రవీణ్‌ది.

"మింగాకు. నోరంతా తిప్పి ఉమ్మెయ్."

"దుడ్లిచ్చి కొన్నది ఉమ్మేదేంది మామా?"

"మింగితే మూడోదానికల్లా నీకు అన్నీ బాగుంటాయి."

మొదటిది నోట్లో పోసుకోగానే ప్రవీణ్ ముఖం వికసించింది. "ఇది బాగుండాది! తాగినట్టే తెలీలా."

"అయితే వద్దు."

"బాగుండాదంటే వద్దంటావేంది?"

"ఈ పొద్దే బాగుండేదానికి ముందుముందు బాగయ్యేదానికి ఏం మిగిలుండాదప్పా? అది ఈ పొద్దే తాగేసేది."

నాలుగోదానికి ప్రవీణ్ ముఖం ఎండిన చీనీతొక్కలా ముడుచుకుపోయింది. "థూ! నేరేడుకాయ నమిలినట్టుండాది. చిగుళ్ళు లాగుతాండాయి."

మౌలాలి లేచి నిలబడ్డాడు. "కాయా, పండా?"

"కాయే!"

"వెనకాల పులుపు?"

"చింతకాయంత."

మౌలాలి గ్లాసు అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వగరు కింద, పులుపు కింద, ఎక్కడో లోతున పండు ఉంది, మిరియం ఘాటు ఉంది. "ఇది రాసుకో. పన్నెండు సీసాలు."

"నన్ను చంపేదాన్ని పన్నెండా?"

"వగరే దీనికి ఎముక. పులుపు నెత్తురు. ఆ రెండూ లేంది ఆ గుంతలో ఆరేళ్ళు ఎట్ల బతుకుతాది?"

అలా మూడు రకాలు నెగ్గాయి. రెండు నాసిక్ పక్కవి, ఒకటి బెంగుళూరు పక్కది. నెగ్గడమంటే ప్రవీణ్ ముఖాన్ని అందరికంటే ఘోరంగా వంకర తిప్పడం. రకానికి పన్నెండు చొప్పున ముప్పై ఆరు. ముప్పై ఆరు రకాలుంటే చూసేవాళ్ళకు ఘనంగా ఉంటుందని ప్రవీణ్ గొణిగాడు. ఒకే రకం పన్నెండుంటే ఏడాదికొకటి తెరిచి ఎంతవరకు వచ్చిందో చూడవచ్చని మౌలాలి ఒప్పించాడు.

సీసాలను ఇసుక పరిచిన బండల మీద వరసగా పడుకోబెడుతుంటే పార్వతమ్మ పైనుంచి తొంగిచూసింది. "పడుకోబెట్టేదేంది మౌలాలీ, అవేమన్నా బాలింతలా?"

"బెరడు తడిగా ఉండాలమ్మా. ఆరిపోతే గాలి దూరతాది."

"దుమ్ము పడతాది గదా."

"పడనీ అమ్మా. తుడవాకండి, కదిలించాకండి."

"తుడవకుండా పెట్టుకునేది ఇల్లా, దయ్యాల కొంపా?" అని పార్వతమ్మ మూత వేయించింది.

ఆరేళ్ళు గడిచాయి. ఏడాదికొకటి తెరవాలన్న ఒప్పందం మొదటి ఏడే పాతరలో పడింది. ప్రవీణ్‌కు వైన్ జబ్బు తగ్గి గుర్రం జబ్బు పట్టుకుంది, గుర్రం కరిచాక జీపు జబ్బు. మధ్యలో కరోనా వచ్చిపోయింది. మందు అంగళ్ళు ప్రభుత్వానివయ్యాయి, మళ్ళీ ప్రైవేటువయ్యాయి. లోకంలో ఇన్ని ఊగినా పాతరలో వేడి ఊగలేదు. అది మౌలాలికి ఎలా తెలుసంటే, ప్రతి ఎండాకాలం ఏదో వంకతో పులివెందుల పోయి, పార్వతమ్మను బతిమాలి, థర్మామీటరును తాడుకు కట్టి దించి చూసుకుని వచ్చేవాడు. ఇంట్లో ఏసీ పనని చెప్పేవాడు.

ఆరో ఏడు ఆయనే ఫోన్ చేశాడు. "అప్పా, వచ్చుంటాది."

ప్రవీణ్‌కు అప్పుడే దాని అవసరం పడింది. చీనీ రైతుల సంఘానికి అధ్యక్షుణ్ణి ఎన్నుకోబోతున్నారు. ఎన్నుకోవడమంటే ఓబుళరెడ్డి తల ఊపడం. ఓబుళరెడ్డి కాంట్రాక్టరు. ఆయనకు చీనీచెట్టు ఒక్కటీ లేదుగానీ సంఘమంతా ఆయన నీడలోనే ఉంది. ఆయనకు తోటలో ఆదివారం మధ్యాహ్నం విందు.

"రెండ్రోజుల ముందర పైకి తీసి నిలబెట్టాల" అని మౌలాలి మూడుసార్లు ఫోన్లో చెప్పాడు. "అడుగున మడ్డి దిగుతాది. అది మంచిదే, మాగిందని గుర్తు. కదపకుండా మెల్లగా జగ్గులోకి వంచాల. నేనొచ్చిందాకా ముట్టాకండి."

శుక్రవారం పాతర తెరవకూడదని పార్వతమ్మ అంది. శనివారం అమావాస్య. ఆదివారం పొద్దున దీపం దించి పన్నెండు సీసాలు పైకి తీశారు. ఆరేళ్ళ దుమ్ము. అతిథుల ముందు పెట్టే వస్తువు కాబట్టి పార్వతమ్మ దగ్గరుండి కుంకుడు రసంతో, కొబ్బరిపీచుతో తోమించింది. దుమ్ముతోపాటు లేబుళ్ళు కూడా పోయాయి. ఆ తర్వాత వాటిని చీనీకాయల ప్లాస్టిక్ పెట్టెల్లో సర్ది, ట్రాక్టరు మీద రెండు మైళ్ళు గుంతల దారిలో తోటకు తోలారు. అక్కడ, మందంటే చల్లగా ఉండాలి గనక, ఐస్‌క్రీము పెట్టుకునే ఫ్రీజర్లో పెట్టారు. ఎవరూ ఏ తప్పూ చెయ్యలేదు. ప్రతి ఒక్కరూ మర్యాదే చేశారు.

కొత్త చొక్కా వేసుకుని మౌలాలి బస్సు దిగి ఆటోలో తోటకు చేరేసరికి, ఓబుళరెడ్డి ఒక సీసాను ఎండకెత్తి పట్టుకుని ఉన్నాడు.

"ఏందప్పా ప్రవీణూ ఇది? లేబులు లేదు. అడుగున నల్లగా ఏందో ఉండాది." ఊపాడు. మడ్డి పొగలాగా లేచింది. "చూడు, చూడు! లేస్తాంది."

"అది మడ్డప్పా. మాగినాక దిగేది" అన్నాడు మౌలాలి, ఊపిరి ఆడక. "ఊపాకండి."

"నువ్వెవరప్పా?"

మౌలాలి ప్రవీణ్ వైపు చూశాడు. ప్రవీణ్ ఓబుళరెడ్డి వైపు చూశాడు.

"ఏసీ మెకానిక్కులే" అన్నాడు ప్రవీణ్.

బల్ల చుట్టూ నవ్వు పుట్టింది. "ఏసీ మెకానిక్కా! మందులో గ్యాసు నింపేదానికొచ్చినాడేమోలే!" ఓబుళరెడ్డి ఒక గుక్క తాగి, పళ్ళకింద ఇసుక తగిలినవాడిలా ఉమ్మేశాడు. "పేరు లేని సీసా, అడుగున మడ్డి. కల్తీ మందుకు కండ్లు పోయినోళ్ళను చూసినాం గదప్పా. మమ్మల్ని గూడా పంపిస్తావా?"

మౌలాలి ఊపని సీసా ఒకటి వెతికి, వంచీ వంచనట్టు ఒక గ్లాసులోకి పోసి, రెండు అరచేతుల మధ్య పట్టుకుని వెచ్చచేశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఎండు ఖర్జూరం. పాత తోలు. తొలివానకు తడిసిన రేగడి. నేరేడుకాయ ఎక్కడా లేదు. వచ్చింది. ముక్కు అలా అంటోంది. కానీ ముక్కు సాక్ష్యం దుబాయిలోనూ ఉండేది. కావలసింది నోరు.

"అప్పా" అని గ్లాసు ప్రవీణ్ చేతిలో పెట్టాడు. "ఒక్క గుక్క. ఎట్లుండాదో నా ముఖం చూసి చెప్పు."

ప్రవీణ్ తాగాడు. ముఖం వంకర తిరగలేదు. ఒక్క క్షణం కనుబొమలు పైకి లేచాయి, పెదవులు మళ్ళీ గ్లాసు వైపు పోయాయి. అది మౌలాలి చూశాడు. తర్వాత ప్రవీణ్ ఓబుళరెడ్డిని చూశాడు. అదీ మౌలాలి చూశాడు.

"ఏమో మామా" అన్నాడు ప్రవీణ్, నేల చూస్తూ. "పులిసిపోయింది."

"ఇంకేముంది, సాయిబే ఎప్పుడో తాగేసి రంగునీళ్ళు పోసినాడు!" అన్నాడు ఓబుళరెడ్డి, పక్కన కూర్చున్నవాడు చెవిలో ఏదో చెప్పగానే. "ఏడాదికొకసారి పాతర కాడికి వస్తాండెనంట గదా? కాదంటావా? అయితే నువ్వొక గుక్క తాగు, మా ముందర. నువ్వు తాగితే అందరం తాగుతాం. న్యాయం గదా?"

నిజంగా న్యాయమే. గ్లాసు మళ్ళీ మౌలాలి చేతిలోకి వచ్చింది. ఆ ఒక్క గుక్కతో పేరు నిలబడుతుంది. అంతకంటే ఎక్కువ కూడా జరుగుతుంది. ఇన్నేళ్ళుగా ఎవరి నోటినో అడుక్కోవలసి వచ్చిన సంగతి ఇంకెవర్నీ అడగకుండా తేలిపోతుంది. జవాబు పెదవికి జానెడు దూరంలో, వెచ్చగా ఉంది. గ్లాసు వెనక్కి తీస్తుంటే కొంచెం చొక్కామీద ఒలికింది.

గ్లాసు బల్లమీద పెట్టాడు. "నేను తాగనప్పా."

"విన్నారా!" అన్నాడు ఓబుళరెడ్డి. తాగనివాడు తాగేదాన్ని గురించి ఉపన్యాసం చెప్పడమూ, తను తెచ్చింది తనే తాగకపోవడమూ, ఈ రెంటికంటే పెద్ద రుజువు ఆ బల్లకు అక్కరలేదు. మౌలాలికి అన్నం తిని పొమ్మని ఎవరో అన్నారు. ఆయన తినలేదు.

బస్సు ముద్దనూరు దాటకముందే వార్త జమ్మలమడుగు చేరింది: మౌలాలి రెడ్డిగారి పాతరలో మందంతా తాగి రంగునీళ్ళు పోసి దొరికిపోయాడు. ఇంటికొచ్చేసరికి గుల్జార్‌బీ గడపలో నిలబడి ఉంది.

"నోరు తెరు" అంది.

తెరిచాడు. ఆమె వాసన చూసింది. తర్వాత చొక్కా చూసింది. "నోట్లో లేదు. చొక్కాలో ఉండాది."

"నువ్వు నమ్మినావా?"

"నేను నమ్మి ఏం లాభం? నేను దిద్దని తప్పును ఇన్నేండ్లు నమ్మిన వీధి, ఇప్పుడు నిజం చెప్తే నమ్ముతాదా?" అని చొక్కా విప్పించి నీళ్ళలో వేసింది. మరక పోలేదు.

మసీదు కమిటీలోంచి పేరు తీసేశారు. ఏసీలు మాత్రం ఆయనే కడుగుతున్నాడు. ఆ విషయం మీద కమిటీ ఏ తీర్మానమూ చెయ్యలేదు. ప్రవీణ్‌రెడ్డి చీనీ రైతుల సంఘం అధ్యక్షుడయ్యాడు. విందులో కల్తీని కనిపెట్టి అందరి ప్రాణాలు కాపాడినవాడిగా ఓబుళరెడ్డి పేరు ఇంకాస్త పెరిగింది. ఆ బల్ల దగ్గర జన్మలో ఒక్క చుక్కయినా తాగనివాడు ఒక్కడే, తాగుబోతని పేరొచ్చిందీ అతనొక్కడికే.

అయిదు నెలల తర్వాత హుమాయున్ ఏదో పనిమీద జమ్మలమడుగు వచ్చి, బస్టాండు దగ్గర టీ అంగట్లో మౌలాలిని చూసి, అటూ ఇటూ చూసుకుని పక్కన కూర్చున్నాడు.

"అన్నా, మా రెడ్డి వారానికొకటి తెరుస్తాండాడు. తలుపేసుకుని, ఒక్కడే."

మౌలాలి టీ గ్లాసు కింద పెట్టాడు. "ఏది?"

"పాతరలో మిగిలినేవే. మడ్డి కదలకుండా వంచుకుంటాండాడు, నువ్వు చెప్పినట్టే. ప్రసూనమ్మకు గూడా ఇయ్యడు. బెంగుళూరులో ఏడువేలు పెట్టి కొన్నది కూడా దీని కాలిగోటికి సరిపోదని నాతో అన్నాడన్నా. పట్టుగుడ్డ మింగినట్టు దిగతాందంట."

టీ మీద మీగడ కట్టింది. రోడ్డు మీద ఒక బస్సు హారన్ కొట్టీ కొట్టీ ఆగింది.

"ఆ మాట ఇంకెవరితోనైనా అన్నాడా?"

"యాడ అంటాడన్నా? ఓబుళరెడ్డి ముందర పులిసిందని చెప్పినాడు గదా. ఇప్పుడు బాగుండాదంటే అధ్యక్షుడు అబద్ధమాడినట్టు కాదా?"

"ఎన్ని మిగిలుండాయి?"

"నాలుగు."

"నాసిక్‌వా, బెంగుళూరువా?"

"లేబులు చూసినా. బెంగుళూరువే నాలుగూ."

"దాని పులుపు గట్టిది" అన్నాడు మౌలాలి, ముందుకు వంగి. "ఇంకో రెండేళ్ళు ఆగమను హుమాయున్. ఇప్పుడు తెరిస్తే సగమే వచ్చుంటాది. రెండేళ్ళు ఆగితే... శానా బాగుంటాది. తొందరపడొద్దని చెప్పు."

"నీ పేరెత్తితే నా పని పోతాదన్నా."

"నా పేరెందుకు? నీ మాటగానే చెప్పు."

హుమాయున్ నవ్వి లేచాడు. "డ్రైవరు చెప్తే వింటాడా?" అని టీ దుడ్లు బల్లమీద పెట్టి కారు దగ్గరికి పోయాడు. ఆ ఆదివారానికి మూడయ్యాయి.